పానగల్ నుంచి యూనివర్సిటీకి: సైకిల్ దారి వెతుకులాట

నల్లగొండలో సైకిల్ మీద డ్యూటీకి పోతానంటే ఎవరైనా మొదట అడిగేది "ఎన్ని కిలోమీటర్లు?" అని. దూరం సంగతి తర్వాత, ముందు దారి సంగతి తేల్చుకుందామని నేను అనుకున్నాను. మా ఇల్లు పానగల్‌లో. పని మహాత్మా గాంధీ యూనివర్సిటీలో, నార్కట్‌పల్లి పోయే రోడ్డు మీద ఎల్లారెడ్డిగూడెం దగ్గర. తొక్కలేనంత దూరమేమీ కాదు. కానీ ఒకరోజు సరదాగా పోయి రావడం వేరు, ఏడాది పొడవునా రోజూ క్షేమంగా పోయి రావడం వేరు. ఇంట్లో పిల్లలు ఎదురుచూస్తుంటారు కాబట్టి నాకు రెండోదే కావాలి.

దారులు మూడు కనిపించాయి. ఒకటి బైపాస్. నార్కట్‌పల్లి నుంచి అద్దంకి పోయే నాలుగు వరుసల రోడ్డు పట్నంలోకి రాకుండా పానగల్ వైపు నుంచి పోతుంది. దాన్ని పట్టుకుంటే మర్రిగూడ మీదుగా నేరుగా యూనివర్సిటీయే. రెండోది పట్నం లోపలి నుంచి: పెద్ద గడియారం, అక్కడి నుంచి హైదరాబాద్ రోడ్డు, మళ్లీ మర్రిగూడ. మూడోది కాల్వ కట్ట పక్కన పొలాల మధ్య పోయే బండ్ల బాట. అది కొంతదూరం పోయి మళ్లీ పెద్ద రోడ్డులోనే కలుస్తుంది. అంటే చివరి ముక్క ఎలా పోయినా హైవేనే, దానికి మారు లేదు.

నవంబర్ నెల, కార్తీకం నడుస్తోంది. వరి కోతలు జోరు మీదున్నాయి. దారి తేల్చుకోవడంలో ఈ రెండింటికీ పాత్ర ఉంది.

ఆదివారం

పొద్దున్నే బైపాస్ ఎక్కాను. ఖాళీగా ఉన్నప్పుడు రోడ్డును నింపాదిగా చూడొచ్చు, అందుకే ఆదివారం. బండ్ల రద్దీ ఎలా ఉంటుందో మామూలు రోజుల్లోనే తెలుస్తుంది.

తెల్ల గీతకు అవతల ఎంత తారు ఉందన్నది మొదట చూసుకున్నాను. చాలా దూరం ఆ గీత బయట సైకిల్ సాఫీగా పోయేంత జాగా ఉంది. తర్వాత చూడాల్సింది తారు అంచుకూ మట్టికీ మధ్య ఎత్తు. సైకిల్ స్టాండు వేసి, వంగి, అంచు మీద చెయ్యి పెట్టి చూశాను. కొన్నిచోట్ల మట్టి తారుతో సమానంగా ఉంది. కొన్నిచోట్ల వానలకు కోసుకుపోయి నాలుగు వేళ్ల లోతు పడింది, కంకర పైకి తేలింది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. వెనక నుంచి లారీ గట్టిగా హారన్ కొడితే ఎవరైనా బెదిరి ఎడమకు జరుగుతారు. ముందు చక్రం ఆ అంచు దిగుతుంది. మళ్లీ పైకి ఎక్కించబోతే టైరు అంచును రాసుకుని జారుతుంది. అలా జారినప్పుడు మనిషి పడేది మట్టిలో కాదు, రోడ్డు మీద, వెనకొచ్చే బండి ముందు. అలాంటి చోట హారన్ వినబడినా కదలకుండా నేరుగా పోవాలి, లేదంటే ముందే ఆగి దిగిపోవాలి. ఆ తావులన్నీ ఫోన్ మ్యాపులో గుర్తు పెట్టుకున్నాను.

కల్వర్టుల దగ్గర ఇంకో ఇబ్బంది. అప్పటిదాకా ఉన్న అంచు కల్వర్టు గోడ రాగానే సన్నబడిపోతుంది, సైకిల్ గీత లోపలికి రాక తప్పదు. కల్వర్టు ఇంకా దూరంగా ఉండగానే వెనక్కి చూసి, చెయ్యి చాపి, నెమ్మదిగా లోపలికి రావడం అలవాటు చేసుకోవాలి. గోడ దాకా వచ్చి ఒక్కసారిగా తిప్పితే వెనక వాడికి బ్రేకు వేసే టైమే ఉండదు.

అన్నిటికంటే ఎక్కువసేపు నిలబడి చూసింది డివైడర్ సందుల దగ్గర. యూనివర్సిటీ గేటు ఏ పక్కన ఉన్నా, పోయేటప్పుడో వచ్చేటప్పుడో ఒకసారి నాలుగు వరుసలూ అడ్డంగా దాటాల్సిందే. మనకు దగ్గరగా ఉన్న సందు కంటే రెండు పక్కలా దూరం కనిపించే సందు మేలు. మలుపు చాటున, చెట్ల గుబురు పక్కన ఉన్నవి ఎంత దగ్గరైనా పనికిరావు. కొంచెం ముందుకు పోతే చక్కగా తిన్నగా ఉన్న చోట ఒక సందు కనిపించింది. అక్కడ దిగి, నడిపించుకుంటూ రెండు విడతల్లో దాటడమని ఖాయం చేసుకున్నాను: ముందు సగం దాటి డివైడర్ మధ్య నిలబడటం, తర్వాత మిగతా సగం.

సోమవారం

కార్తీక సోమవారం. పానగల్‌లో ఛాయా సోమేశ్వరుడి గుడికి తెల్లవారక ముందు నుంచే జనం. కందూరు చోళుల కాలం నాటి త్రికూటాలయం అది. ఒక గర్భగుడిలో శివలింగం వెనక స్తంభం నీడ పొద్దంతా కదలకుండా ఉంటుంది, ఛాయా సోమేశ్వరుడన్న పేరు దాన్నిబట్టి వచ్చిందే. మామూలు రోజుల్లో ఎంతో ప్రశాంతంగా ఉండే ఆ దారి నిండా ఆ రోజు ఆటోలు, కార్లు, కొబ్బరికాయల బండ్లు, దీపాలు పట్టుకుని నడిచే ఆడవాళ్లు.

ఈ ఊళ్లో పుట్టినదాన్ని కాబట్టి ఆ సందడి నాకు ఇష్టం. సైకిల్ మీద పోయేవాళ్లు జాగ్రత్తగా చూడాల్సింది మాత్రం ఆగి ఉన్న ఆటోలను. లోపలున్న వాళ్లు ఏ పక్కకు దిగుతారో చెప్పలేం. కారు తలుపు తెరుచుకుంటే ఎంత దూరం వస్తుందో అంత ఎడం, ఒక మీటరుకు తక్కువ కాకుండా వదిలి పోవాలి. అంత జాగా లేకపోతే దిగి నడవడమే. దిగి నడిచాను.

కార్తీకం వెళ్లేదాకా సోమవారాల్లో ఇంటి నుంచి ఇంకాస్త ముందుగా బయల్దేరాలని రాసిపెట్టుకున్నాను.

మంగళవారం

పట్నం దారి. దూరం ఎక్కువే. పైగా ఫ్లైఓవర్ ఎక్కాలి. ఎక్కేటప్పుడు సైకిల్ నెమ్మదిస్తుంది, బ్యాలెన్స్ కోసం హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతుంది, అదే సమయంలో వెనక బండ్లు ఎక్సలేటర్ ఇచ్చి వస్తాయి. గేర్ల సైకిల్ అయితే ఎక్కకముందే గేరు తగ్గించుకోవాలి. గేర్లు లేనివాళ్లు సీటు మీద నుంచి లేచి ఊగుతూ తొక్కకుండా, కూర్చునే నిదానంగా ఎక్కడం మంచిది.

పొద్దున బడి టైములో పెద్ద గడియారం దగ్గరికి వచ్చి చూశాను. స్కూల్ బస్సులు, పిల్లలను కిక్కిరిసి ఎక్కించుకున్న ఆటోలు, కూరగాయలు కొనుక్కుని మళ్లే స్కూటీలు. చూడటానికి భయం వేస్తుంది గానీ కాసేపు నిలబడితే ఒక సంగతి అర్థమవుతుంది. అక్కడ ఎవరూ స్పీడుగా పోలేరు. అందరూ దాదాపు సైకిల్ వేగంతోనే కదులుతున్నారు. పట్నంలో తగిలితే దెబ్బ తగులుతుంది, హైవే మీద తగిలితే ప్రాణం పోతుంది. ఈ తేడా చాలామంది లెక్కలోకి తీసుకోరు. గుంపును చూసి భయపడతారు, ఖాళీ రోడ్డును చూసి ధైర్యం తెచ్చుకుంటారు.

పట్నంలో ఉన్న అసలైన ప్రమాదం సందు మలుపుల దగ్గర పెద్ద బండి. లారీకి గానీ బస్సుకు గానీ ఎడమ పక్కన, క్యాబిన్‌కు ఆనుకుని ఉన్న సైకిల్ డ్రైవర్‌కు కనిపించదు. అతను ఎడమకు తిప్పితే వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, ఇంకా లోపలికి కోసుకుంటూ వస్తాయి. అందుకే బస్టాండు చుట్టుపక్కల బస్సు ఆగి ఉంటే, ఎడమ పక్కన ఎంత సందున్నా దూరను. వెనకే ఆగుతాను. వెనక వాళ్లు హారన్ కొడితే కొట్టనీ. మా పిల్లలకు కూడా ఈ ఒక్క మాట రోజూ చెప్తాను.

ఎన్జీ కాలేజీ పిల్లలు ఇద్దరు ముగ్గురు సైకిళ్ల మీద కనిపించారు. మనసుకు హాయిగా అనిపించింది. హైదరాబాద్‌లో అవుటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబర్‌లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు, పైన సోలార్ పలకల నీడతో. మంచి పని. కానీ సైకిల్ మీద రోజూ కాలేజీకో కూలికో పోయేవాళ్లు ఇలాంటి చిన్న పట్నాల్లోనే ఎక్కువగా కనిపిస్తారు. వీళ్లకు సోలార్ కప్పు అక్కర్లేదు. తారు అంచు పక్కన మట్టి నింపి, తెల్ల గీత కొత్తగా వేస్తే చాలు.

బుధవారం

కాల్వ కట్ట బాట. ఉదయసముద్రం నీళ్లు చూసుకుంటూ బయల్దేరాను. కృష్ణా నీళ్లు పుట్టంగండి దగ్గర ఎత్తిపోస్తే, అక్కంపల్లి రిజర్వాయర్ మీదుగా ఈ చెరువు దాకా వస్తాయి. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంకర్లు పోయిన తరాన్ని చూసిన జిల్లా ఇది. ఈ చెరువు నిండుగా కనిపిస్తే ఇప్పటికీ నాకు కడుపు నిండినట్టు ఉంటుంది. కొంగలు, నీటి మీద పొగమంచు, కోతకొచ్చిన వరి వాసన. మూడు దారుల్లో ఆనందంగా తొక్కింది ఇదే.

పొలాల్లోకి దిగాక టైరు మెత్తబడింది. దగ్గర్లో పంక్చర్ షాపు లేదు. రోడ్డు దాకా నడిపించుకుంటూ పోతే ఒక తమ్ముడు చేసిపెట్టాడు. ట్యూబు తీసి నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు వచ్చే చోట వేలు పెట్టి, తర్వాత టైరు లోపల చేత్తో చుట్టూ తడిమాడు. గోరంత ముల్లు బయటపడింది.

"సర్కారు తుమ్మ ముల్లు అక్కా ఇది. టైరు తడమకుండ ట్యూబు ఎక్కిస్తే మళ్లా గంటల దిగుతది. ఆ కట్ట మీదికెళ్లి వచ్చినవ్ గదా?"

"అవును తమ్మీ, రోజూ అటే పోదామనుకుంటున్న."

"రోజు పోతే రోజు నా దగ్గరికి రావాలె" అన్నాడు.

అంతకుముందు పొలం దగ్గర ఒక పెద్దాయన కూడా ఆపి అడిగాడు. "ఏం బిడ్డా, ఒక్కదానివే ఈ బాటల పోతున్నవా? పొద్దుగూకినంక మాత్రం రాకు. కుక్కలుంటయ్, పాములుంటయ్. పడితే లేపనీకి ఎవ్వరుండరు." ఆయన చెప్పింది ముమ్మాటికీ నిజం. బండ్లు లేని దారిలో మనుషులూ ఉండరు. ఒంటరిగా పోయే ఆడవాళ్లకు ఇది బాగా ఆలోచించాల్సిన సంగతి. వాన పడితే మట్టి మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగదు కూడా. సెలవు రోజు పొద్దున పిల్లలతో కలిసి పోవడానికి ఈ బాట పెట్టుకున్నాను. డ్యూటీకి కాదు.

గురువారం

సాయంత్రం హైవే మీద తిరుగు ప్రయాణం. ఈ వారం మొత్తంలో కళ్లు తెరిపించింది ఈ రోజే.

నవంబర్ నడిమిలో మా దగ్గర పొద్దు అయిదున్నర దాటగానే వాలిపోతుంది. అయిదుకు పని ముగించుకుని బ్యాగు సర్దుకుని గేటు దాటేసరికే వెలుతురు తగ్గుతుంటుంది. సగం దారిలో చీకటి. పొద్దున ఇదే రోడ్డు మీద దూరం నుంచే నన్ను గుర్తుపట్టి ఎడంగా పోయిన లారీలు, సాయంత్రం చాలా దగ్గరగా వచ్చేదాకా గుర్తుపట్టలేకపోతున్నాయి. పైగా లారీలూ ఎక్కువ. మిర్యాలగూడ వైపు నుంచి బియ్యం, సిమెంటు మోసుకొచ్చేవి వరసగా వస్తూనే ఉన్నాయి. టీ కొట్టు దగ్గర ఒక డ్రైవర్‌ను అడిగాను, సాయంత్రమే ఇన్ని ఎందుకని.

"సిటీలకు పగటిపూట పెద్ద బండ్లను రానియ్యరు మేడం. రాత్రికి అక్కడ తేలేటట్టు ఇక్కడికెళ్లి సాయంత్రం కదులుతం."

హైదరాబాద్‌లో పెట్టుకున్న నియమం నల్లగొండ సైకిల్ మీద ఇలా వచ్చి పడుతుందని అప్పుడు అర్థమైంది. ఆ లారీలు హైదరాబాద్ వైపు పోయేవి, నేను వచ్చేది ఇటు వైపు. మధ్యలో డివైడర్ ఉంది. అయినా వాటి హెడ్‌లైట్లు కళ్లలో కొడుతుంటే నా ముందున్న రోడ్డు కనిపించలేదు. అలా కనిపించనప్పుడే వడ్లు ఎదురయ్యాయి.

అంచు పొడవునా వడ్లు ఆరబోశారు. పగలు పసుపు పచ్చగా దూరం నుంచే కనబడతాయి. సాయంత్రం కుప్ప చేసి నల్ల పరదా కప్పి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెడతారు. నల్ల రోడ్డు, నల్ల పరదా, తలకాయంత రాళ్లు. నా లైటు వెలుగులో మొదటి రాయి కనిపించగానే బ్రేకు నొక్కి ఆగిపోయాను. పక్కన చల్లిన గింజల మీద చక్రం కొద్దిగా జారింది.

కుప్ప దగ్గర మంచం వేసుకుని కాపలా ఉన్న రైతుతో మాట్లాడాను. కోపంతో కాదు. ఆయన ఇష్టపడి రోడ్డు మీద పోసుకోలేదని నాకు తెలుసు.

"తేమ పదిహేడు దాటితే సెంటర్ల తీస్కోరు బిడ్డా. ఆరబెట్టాలె. మాకు కల్లం యాడుంది? మిషన్ కోత కోసి తెస్తే పచ్చి వడ్లే గదా."

కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ దాటకూడదన్నది నియమం. మిషన్ కోతతో వడ్లు పచ్చిగానే ఇంటికి చేరతాయి. ఊళ్లో పాత కల్లాలు ఇళ్ల స్థలాలైపోయాయి. తారు రోడ్డు వేడికి తొందరగా ఆరతాయి. ఇన్ని కారణాలు కలిస్తే ఆ కుప్ప అక్కడ ఉంది. ఊరికో సిమెంటు కల్లం కడితే రైతుకూ మేలు, దారిన పోయేవాళ్లకూ మేలు. అప్పటిదాకా రాళ్ల మీద కాస్త సున్నం పూయండి బాపూ, దూరం నుంచి కనిపిస్తాయి అని అడిగాను. "పెద్ద పనేం గాదు, పూస్త" అన్నాడాయన.

అక్కడి నుంచి మర్రిగూడ దాకా సైకిల్ దిగి చాలా దూరం నడిచాను. ఇంటికి చేరేసరికి పిల్లలు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు, ఫోన్ కూడా చేస్తున్నారు.

శుక్రవారం

పొద్దున బైపాస్ మీదే పోయాను. వెలుతురు ఉంది, అంచు తెలిసిన అంచు, గుర్తు పెట్టుకున్న తావులన్నీ కంటికి ఆనాయి. వడ్లు పోసిన చోట్ల ముందే దిగి నడిపించాను. టెన్షన్ లేదు.

సాయంత్రం మర్రిగూడ దగ్గర బైపాస్ వదిలేసి హైదరాబాద్ రోడ్డు మీదుగా పట్నంలోకి తిరిగాను. హైవే ముక్క ఎలాగూ తప్పదు, కాబట్టి దాన్ని వెలుతురు ఉండగా దాటేయాలి. అందుకోసం మా సెక్షన్‌లో మాట్లాడుకుని పొద్దున అరగంట ముందు వచ్చి సాయంత్రం అరగంట ముందు బయల్దేరేలా ఒప్పించుకున్నాను. ఆ అరగంటతో చాలా తేడా వచ్చింది. చీకటి పడే వేళకు నేను దుకాణాల దీపాల వెలుగులో ఉన్నాను. దూరం పెరిగింది, టైము కూడా కొంచెం ఎక్కువే పట్టింది. కానీ రోడ్డు పొడవునా మనుషులున్నారు, చైను ఊడినా టైరు దిగినా నిలబడటానికి వెలుగున్న చోటుంది, పడితే లేపేవాళ్లున్నారు. పెద్ద గడియారం దగ్గర దిగి కూరగాయలు కూడా కొనుక్కున్నాను.

శనివారం

యూనివర్సిటీలో చదివే ఒక అమ్మాయి నా సైకిల్ చూసి అడిగింది. "మేడం, మా ఇల్లు రామగిరిలో. నేను కూడా సైకిల్ మీద రావచ్చా? ఇంట్లో వద్దంటున్నారు."

ఇంట్లోవాళ్ల భయం సరైనదే, ముందు ఆ భయానికి జవాబు సిద్ధం చేసుకో అని చెప్పాను. ఇద్దరం కాగితం మీద దారి గీసుకున్నాం. ఎక్కడ దిగి నడవాలి, ఏ సందు దగ్గర రోడ్డు దాటాలి, ఏ కల్వర్టు దగ్గర ముందే చెయ్యి చాపాలి, ఏ టైము దాటితే సైకిల్‌ను ఇక్కడే వదిలి బస్సెక్కాలి. చివరిది తప్పకుండా ఉండాలి. ఆలస్యమైనా ఎలాగో పోదాంలే అనుకున్న రోజే ప్రమాదం జరుగుతుంది. సైకిల్‌కు తాళం వేసి వదిలేసే చోటు కూడా చూపించాను, వాచ్‌మన్‌తో మాట్లాడి పెట్టాను.

సామాను సంగతి చెప్పాల్సింది కొంచెమే. వెనక ఎర్ర లైటు వెలుగుతూ ఆరుతూ ఉండేది కావాలి, అదీ బ్యాగు కప్పేయని చోట. ముందు తెల్ల లైటు కిందికి వంచి పెట్టుకోవాలి, ఎదుటివాళ్ల కళ్లలో పడకూడదు. మెరిసే పట్టీలున్న జాకెట్టు, హెల్మెట్, బ్రేకుల రబ్బర్లు అరిగాయో లేదో వారానికోసారి చూసుకోవడం. చున్నీ చైనులో పడకుండా ముడి వేసుకోమని మరీ మరీ చెప్పాను.

సోమవారం నుంచి మర్రిగూడ దగ్గర కలుసుకుని ఇద్దరం కలిసి పోదామనుకున్నాం. ఇద్దరుంటే బండ్లవాళ్లకు ఇంకా దూరం నుంచి కనిపిస్తాం. ఒకరి వెనక ఒకరం, పక్కపక్కన కాదు.

రోడ్డు అంచులో మట్టి కోసుకుపోయిన చోట్ల ఫొటోలు, డివైడర్ దగ్గర లైటు కావాలన్న విన్నపం ఒక కాగితం మీద పెట్టి ఇచ్చాను. మర్రిగూడ నుంచి రోజూ సైకిళ్ల మీద పోయే మేస్త్రీలు, కూలీలు కూడా సంతకాలు పెట్టారు. వాళ్లు ఏళ్ల తరబడి ఆ చీకట్లోనే పోతున్నారు, లైట్లు కూడా లేకుండా. జవాబు వచ్చేదాకా నెలనెలా పోయి అడుగుతాను.

జనవరిలో పొద్దు కొంచెం నిలబడటం మొదలవుతుంది. మార్చి నాటికి సాయంత్రం కూడా బైపాస్ మీద వెలుతురులో రావచ్చు, కానీ అప్పటికి ఎండలు. ఏప్రిల్‌లో యాసంగి వడ్లు మళ్లీ రోడ్డెక్కుతాయి. అప్పుడు ఈ దారిని మొదటి నుంచీ ఇంకోసారి చూసుకోవాలి.